తెరకు వీపు పెట్టి నిలబడ్డ మనిషి

శుక్రవారం ఉదయాల్లో మా భవానీపురం వీధిలోకి సాంబ్రాణి పొగ వేసే పెద్దాయన వస్తాడు. కిరాణా కొట్టు, టైలర్ షాపు, మందుల షాపు, ఒక్కో గుమ్మం ముందు నిలబడి నెమలీకల కట్టతో పొగను లోపలికి విసురుతాడు. మూడో అంతస్తులో బట్టలు ఆరేస్తున్న నా దాకా ఆ వాసన వచ్చేసరికి చేతిలో తడి దుప్పటితో అలాగే నిలబడిపోతాను. ఎవరికైనా ఆ వాసనకు దర్గానో, దేవుడి గదో గుర్తొస్తుందేమో. నాకు మాత్రం కంకిపాడులో ఒక సినిమా హాలు, దాని మేనేజరు మస్తాన్ గారు గుర్తొస్తారు. ఇవాళ నేను మాటలు రాసిన సినిమా ఒకటి విడుదలవుతోంది. అందుకేనేమో, దుప్పటి తీగ మీద వెయ్యడానికి మామూలు కన్నా ఎక్కువసేపు పట్టింది.

శుక్రవారం కొత్త సినిమా మొదటి ఆటకు ముందు మస్తాన్ గారు తన చేత్తోనే తెర ముందు సాంబ్రాణి వేసేవారు. తెల్ల చొక్కా, జేబులో పెన్ను, చంకలో పొడుగాటి టార్చిలైటు. దీపాలు ఆరాక తెర పక్కనున్న తలుపు దగ్గరికి వెళ్ళి, తెరకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడేవారు. ఆట అయ్యేదాకా అంతే. అప్పట్లో నేను గాంధీనగర్‌లో ఒక సినిమా పంపిణీ ఆఫీసులో టైపిస్టును. శుక్రవారం మధ్యాహ్నం హాళ్ళకు ఫోన్ చేసి సినిమా ఎలా ఉందో కనుక్కోవడం నా పని. మిగతా మేనేజర్లు బ్రహ్మాండం అనో, దండగ అనో తేల్చేసేవారు. ఈయన మాత్రం, "నాకేం తెలుసమ్మా, నేను చూళ్ళేదుగా. జనాన్ని చూశాను. రెండో పాటకి సగం మంది బయటికొచ్చారు. పోలీస్ స్టేషన్ సీనుకి మళ్ళీ లోపలికి పరిగెత్తారు" అనేవారు. నాకు నవ్వొచ్చేది. ముప్పై ఏళ్ళు హాల్లోనే ఉండి ఒక్క సినిమా కూడా చూడని మనిషిని ఏమనాలో తెలిసేది కాదు.

మా యజమాని ప్రసాద్ గారు ఒకసారి చవగ్గా దొరికిందని ఒక విదేశీ సినిమా కొన్నారు. పదిహేనేళ్ళ కుర్రాడి కథ. వాడికి భయమేసినా సిగ్గేసినా కాళ్ళు నేలను వదిలేస్తాయి, గాల్లోకి లేచిపోతాడు. ఇంట్లో వాళ్ళమ్మకు తెలియకూడదని పుస్తకాల సంచిలో ఇటుకలు పెట్టుకుని తిరుగుతుంటాడు. చివరికి వంతెన మీంచి జారిపోతున్న బస్సును వాడే పట్టుకుని నిలబెడతాడు. దానికి తెలుగులో మాటలు రాస్తానని నేనే అడిగాను. తెలుగులో ఎమ్మే చేసిన పొగరు అప్పటికింకా తగ్గలేదు. మైలవరంలో మా నాన్న నాకోసం జూనియర్ కాలేజీలో ఉద్యోగం మాట్లాడి ఉంచారు. ఒక్క ఏడాది నా ఇష్టానికి వదలమని ఏడ్చి మరీ వచ్చాను. ఆ ఏడాది ఆ నెలతో అయిపోతుంది.

"పిల్లల సినిమాయే కదా, రాయమ్మా" అన్నారు ప్రసాద్ గారు. "ముందు కంకిపాడులో పిల్లలకి వేసి చూద్దాం. పండకపోతే మాత్రం చెన్నై నుంచి ఇంకో రైటర్ని పిలుస్తా. ఏమీ అనుకోకు."

నేను ప్రాణం పెట్టి రాశాను. అదే వచ్చిన చిక్కు. గాల్లో ఎగిరే వీరుడు కదా అని ఆ పదిహేనేళ్ళ పిల్లాడి నోట్లో యాభై ఏళ్ళ మనిషి మాట్లాడాల్సిన మాటలన్నీ కుక్కాను. మొదటిసారి పైకి లేచినప్పుడు వాడు "ఇక ఆకాశమే నా చిరునామా" అంటాడు. ఆ వాక్యం రాసిన రోజు నాకు నేనే కాఫీ తెప్పించుకున్నాను.

శనివారం ఉదయం దగ్గర్లోని బడి నుంచి తొమ్మిది, పది తరగతుల పిల్లలు హాలు నిండా వచ్చారు. నేను బాల్కనీలో వెనక వరసలో కూర్చుని, తెర మీద పెదాలతో పాటు నా పెదాలు కదుపుతూ మురిసిపోతున్నాను. కింద చప్పుడే లేదు. పిల్లలు లీనమైపోయారనుకున్నాను. ఇంటర్వెల్‌లో ప్రసాద్ గారు నా వైపు చూడకుండా వాచీ చూసుకున్నారు. మస్తాన్ గారు మెట్లెక్కి నా దగ్గరికి వచ్చారు.

"ఏమ్మా, ఇక్కడ కూర్చుని ఏం చూస్తున్నావ్?"

"సినిమా అండీ."

"నువ్వు రాసిందేగా, నీకు తెలీనిదేముంది? కిందికి రా, నా పక్కన నిలబడు. తెర వైపు తిరిగావంటే మాత్రం బయటికి పంపించేస్తా."

అలా జీవితంలో మొదటిసారి తెరకు వీపు పెట్టి నిలబడ్డాను. చీకట్లో రెండు మూడు వందల మొహాలు, వాటి మీద తెర వెలుగు. నా వెనక బస్సు వంతెన మీంచి జారుతోంది, సంగీతం హోరెత్తుతోంది. నేను నెలరోజులు చెక్కిన ఘట్టం అది. మూడో వరసలో ఒక అమ్మాయి జడ రబ్బరు తీసి మళ్ళీ పెట్టుకుంటోంది. ఇద్దరు మగపిల్లలు ఒకే కూల్‌డ్రింకు కోసం పెనుగులాడుకుంటున్నారు. 

తర్వాతి సీనులో ఆ కుర్రాడు చిరిగిన చొక్కాతో ఇంటికొస్తాడు. తల్లి గొంతు వినబడగానే హాలంతా ఒక్కసారిగా కుర్చీల్లో ముందుకు జరిగింది. జడ అమ్మాయి చేతులు ఆగిపోయాయి. నవ్వడానికి అందరి నోళ్ళూ సగం తెరుచుకున్నాయి. "చొక్కా ఏమైంది?" అంది తల్లి. "చిరిగింది చొక్కా కాదమ్మా, నా బాల్యం!" అన్నాడు నా కుర్రాడు. తెరుచుకున్న నోళ్ళన్నీ మూతపడ్డాయి. అందరూ మళ్ళీ వెనక్కి వాలారు. అంత సిగ్గు నాకు అంతకు ముందు ఎప్పుడూ వెయ్యలేదు. ఇటుకల సంచి అవసరం నాకే వచ్చేలా ఉంది.

ఆట అయ్యాక వరండాలో ప్రసాద్ గారు చెన్నై నంబరు వెతుక్కుంటుంటే మస్తాన్ గారు అడ్డుపడ్డారు. "ఒక్క వారం ఆగండి ప్రసాద్ గారూ. హాలు నేనిస్తా, వేరే బడి పిల్లల్ని నేను పిలుస్తా. ఇందాక ఈ అమ్మాయి మొహం కూడా చూశాను. సినిమా ఎక్కడ దెబ్బతిందో ఈ పిల్లకి తెలిసిపోయింది."

నా తరఫున ఎవరైనా మాట్లాడటం ఆ ఊళ్ళో అదే మొదలు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు కూడా. ఆయన క్యాంటీన్‌లో టీ తెప్పించి ఎదురుగా కూర్చున్నారు.

"గాల్లో ఎగరడం వీళ్ళు రోజూ టీవీలో చూస్తూనే ఉన్నారమ్మా. ఎగిరొచ్చినోడు ఇంట్లో ఏం చెప్తాడా అని చూస్తున్నారు. అది వాళ్ళందరికీ ఉన్న భయమే కదా. నా పదిహేనో ఏట నేను బడి ఎగ్గొట్టి ఉయ్యూరులో మార్నింగ్ షోకి పోయేవాణ్ణి. ఇంటికొచ్చేటప్పుడు దారంతా అబద్ధం తయారు చేసుకునేవాణ్ణి. ఏ సినిమాలో ఏ విలన్ని చూసీ నాకంత దడ పుట్టలేదు."

"మరి దొరికిపోలేదా అండీ?"

"ఒకరోజు దొరికాను. మా అమ్మ చొక్కా వాసన చూసింది, హాల్లో బీడీల పొగ పట్టేసి ఉంది. ఇంక చంపేస్తుంది అనుకున్నా. 'ముందు అన్నం తిను, తర్వాత చెప్తా నీ పని' అంది. తిన్నాను. అన్నం అయిపోయినా ఏమీ అనలేదు. ఆ తర్వాత మళ్ళీ బడి ఎగ్గొట్టలేదమ్మా నేను."

ఆ వారం ఆయన నన్ను కాగితం ముట్టుకోనివ్వలేదు, మొదటి రెండు రోజులు. సాయంత్రాలు కంకిపాడు బస్టాపులో నిలబెట్టి పిల్లల మాటలు వినమన్నారు. మార్కుల కాగితం ఎక్కడ దాచాలో, కళ్ళజోడు పగిలిందని ఎవరి చేత చెప్పించాలో, ఎంత పెద్ద పన్నాగాలో అవన్నీ! తర్వాత కూర్చుని రాశాను. పెదవి ఎక్కడ మూతపడితే మాట అక్కడ ముగియాలి కనుక, ఒక్కో చిన్న మాటకు గంటలు పట్టింది. డబ్బింగ్ మళ్ళీ హడావిడిగా చెప్పించారు.

రెండో శనివారం మస్తాన్ గారు సాంబ్రాణి వేసి వచ్చి నా పక్కన నిలబడ్డారు, ఇద్దరం తెరకు వీపులు పెట్టి.

"చొక్కా ఏమైందిరా?" అంది తల్లి.

"బస్సుకి తగులుకుందమ్మా."

"బస్సుకేం కాలేదు కదా?"

హాలు ఒక్కసారి గొల్లున నవ్వింది. ఎవరో పిల్లాడు పక్కవాడి వీపు మీద చరిచాడు. ఇక ఆఖరి సీను మిగిలింది. తల్లి ఎదుటే కుర్రాడి కాళ్ళు నేలను వదిలేస్తాయి. దాచడానికి ఇక ఏమీ ఉండదు. ఆమె చెయ్యి చాచి వాడి మణికట్టు పట్టుకుంటుంది. మొదట అక్కడ నేను ఆమెకు పెద్ద ఉపన్యాసం రాశాను. అదంతా కొట్టేశాను.

"ముందు అన్నం తిను" అంది ఆమె. "తర్వాత ఎగురుదువుగాని."

పిల్లలు నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేను వాళ్ళనే చూస్తున్నాను కనుక పక్కన ఏం జరిగిందో కాసేపటికి గానీ గమనించలేదు. మస్తాన్ గారు వెనక్కి తిరిగి ఉన్నారు. తల ఎత్తి, నోరు కొంచెం తెరిచి, ఎదుటి వరసలో పిల్లల్లాగే తెర చూస్తున్నారు.

"ఎవరమ్మా ఆవిడ?" అన్నారు, నా వైపు చూడకుండానే.

"మీ అమ్మగారండీ" అన్నాను.

ఆయన టార్చిలైటు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. పేర్లు పడటం అయిపోయేదాకా అలాగే నిలబడ్డారు.

నేను మైలవరం వెళ్ళలేదు. ప్రసాద్ గారు చెన్నైకి ఫోన్ చెయ్యలేదు. మస్తాన్ గారు పోయి ఆరేళ్ళయింది, ఆ హాలు ఇప్పుడు ఫంక్షన్ హాలు. నేను రాసినవాటిలో బాగున్నదేదైనా ఉంటే అది ఆయన నన్ను వెనక్కి తిప్పి నిలబెట్టిన పూట నుంచి వచ్చింది. ఆ మాట ఆయన ఉండగా ఒకసారి చెప్పాను. "నాదేముందమ్మా, మొహాలు వాళ్ళవి" అన్నారు.

వీధిలో పొగ పల్చబడింది. పదింటికి మొదటి ఆట. నేను చెప్పులు వేసుకుంటుంటే మా అమ్మాయి గదిలోంచి తల బయట పెట్టింది. దానికి ఈ మధ్యే పదిహేను నిండాయి.

"అమ్మా, నీ సినిమా ఎలా వచ్చింది? బాగుంటుందా?"

"నాకేం తెలుసే," అన్నాను, "ఇంకా వాళ్ళని చూళ్ళేదుగా."