శబ్దం చెయ్యని ఇంజిన్

మా అక్క సంసారాన్ని రోడ్డున పడెయ్యడానికి నాకు ఒక్క పూట చాలింది. అదీ పూర్తిగా చేతకాలేదు. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

తొంభైల చివరి మాట. అక్క మొగుడు చిన్నప్ప బావ సోమల పక్క పల్లెల్లో పాలు పోయించుకుని, సైకిల్ మీద పుంగనూరు హోటళ్లకు తెచ్చి వేసేవాడు. ఆ ఎండాకాలం దారిలోనే రెండుసార్లు పాలు విరిగాయి. ఇంకోసారి విరిగితే వేరేవాళ్లను చూసుకుంటామని హోటళ్లవాళ్లు చెప్పేశారు. అక్క ఉన్న రెండావుల్లో ఒకదాన్ని అమ్మి, పాత మోటార్ సైకిల్ కొనుక్కోమంది.

బండి ఎలా ఉందో చూడడానికి బావ నన్ను పిలిచాడు. కుప్పంలో నా స్నేహితుడికి మెకానిక్ షెడ్డు ఉండేది. అక్కడ రెండు వారాలు కూర్చుని టీలు తాగి వచ్చాను. ఇంజిన్ల గురించి ఇంటిల్లిపాదికీ పాఠాలు చెప్పడానికి ఆ చదువు సరిపోయింది.

మదనపల్లెలో బండి అమ్ముతున్నది బాషా అనే మెకానిక్. బావ పాలక్యాన్ను తడిమినట్టు ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూశాడు.

"వేడిగా ఉండాదే."

"ఇప్పుడే ఇంటికాణ్ణించి తెచ్చినానప్పా," అన్నాడు బాషా.

"సల్లగా ఉన్నప్పుడు అందుకుంటాదా అని..."

"నువ్వుండు బావా," అన్నాను నేను. "ఇంజిన్‌ను చేత్తో కాదు, చెవితో సూడాల."

కిక్కు కొట్టాను, అందుకుంది. బావ వెనక ఎక్కాడు.

"తమ్ముడూ, పొయ్యే ముందు కింద ఆ..." అంటున్నాడు బాషా.

"మాకు తెలుసులే అన్నా," అని గేరు వేశాను.

ఊరు దాటాక రోడ్డు పొడుగ్గా పల్లానికి దిగుతుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో పెట్టాను. కాసేపటికి బండి ఎంత మెత్తగా పోతోందంటే, పక్క చేలో ఎవరో దగ్గింది కూడా వినబడింది.

"విన్నావా బావా?"

"ఏమీ వినపళ్ళేదే."

"అదే నేను చెప్పేది. ఇట్లాంటి ఇంజిన్ దొరకాలంటే పెట్టి పుట్టాల."

"గాలి తప్ప ఏమీ లేదప్పా. అసలు ఆడతాండాదా అది?"

"సైకిల్ తొక్కి తొక్కి నీకట్లా అనిపిస్తాండాది."

పల్లం అయిపోయింది. బండి నెమ్మదించి, రోడ్డు దాటుతున్న మేకల ముందు మర్యాదగా నిలబడిపోయింది.

"బ్రేకు కూడా బాగుండాది," అన్నాడు బావ. "నువ్వు తొక్కకుండానే పడింది."

ఇరవై కిక్కులు కొట్టాను. నా చొక్కా తడిసింది గానీ బండి పలకలేదు. అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా. "పిస్టన్ పోయింది బావా. ఈ బండి వద్దు," అని తేల్చేశాను. ఆవు అప్పటికే చెయ్యి దాటిపోయింది, మర్నాడు మళ్లీ ఎండలో సైకిలే గతి. ఆయన ముఖం చూసి నాకు నిజంగా భయం వేసింది.

ఎగువకు తోసుకురావడానికి గంట పట్టింది. బాషా మా వాలకం ఒక్కసారి చూశాడు. వంగి, ట్యాంకు కింద పెట్రోలు కొళాయిని రెండు వేళ్లతో తిప్పాడు.

"బండి ఆపితే ఇది మూసేది నాకు అలవాటు. పైపులో మిగిలిన పెట్రోలుతోనే అంతదూరం పోయినారు. చెప్తామంటే మీరు ఇంటే గదా."

బావ మళ్లీ ఇంజిన్ మీద చెయ్యి పెట్టాడు. "సల్లగా అయిపోయిందే," అన్నాడు.

బాషా ఒక్క కిక్కు కొట్టాడు. బండి అందుకుంది. పొగ లేదు, వణుకు లేదు, హాయిగా ఆడుతూనే ఉంది.

"సల్లబడిన పాత బండి ఒక్క కిక్కుకు అందుకునిందంటే లోపలంతా బాగున్నట్టే," అన్నాడు బాషా. "గంటసేపు ఆరబెట్టి సూపీమని నన్నెవురూ అడగలేదు. మీ బామ్మర్ది పెద్ద పరీక్షే పెట్టినాడప్పా."

బావ ఆ బండే కొన్నాడు. ఆ ఎండాకాలం ఇంకొక్కరోజు కూడా పాలు విరగలేదు.

ఆ రోజు ఇంటికి చేరగానే అక్క అడిగింది. "ఇంజిన్ బాగా సూసినారా?"

"నీ తమ్ముడు గంటసేపు సల్లబెట్టి మరీ సూసినాడు," అన్నాడు బావ. అంతకు మించి ఆనాడు గానీ, ఆ తర్వాత గానీ ఒక్క ముక్క చెప్పలేదు. అక్క మురిసిపోయి గిన్నెడు పాయసం పెట్టింది. తలెత్తకుండా తిన్నాను. నన్ను నలుగురిలో నవ్వులపాలు చెయ్యని బావనూ, బాషానూ తలుచుకుంటే ఈనాటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అందుచేత సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఇంజిన్ అయినా బాగా ఆడుతోందని చెప్పేముందు, అసలు ఆడుతోందో లేదో చూసుకుంటాను.