బాకీ ఉన్న దుబాసీ

ఆ రోజుల్లో మా ముంచింగిపుట్టు కొండల్లోకి కరెంటు దూరపు చుట్టంలా వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా వెళ్లిపోయేది. అలాంటి చోట పుట్టి, బ్యాంకులో అప్పుచేసి మరీ విశాఖపట్నంలో కంప్యూటరు కోర్సు చదివిన మహామేధావిని నేను. సర్టిఫికెట్టుతో కొండెక్కాక, నన్నెలా వాడుకోవాలో తెలియక దేశం తికమకపడింది. ఆ తికమక చాలాకాలమే సాగింది. (నా వైపు నుంచి లోటేమీ లేదు. రోజూ తల దువ్వుకుని సిద్ధంగానే ఉండేవాణ్ని.)

అప్పు చిన్నదే, కానీ దానికి హామీగా పడిన వేలిముద్ర మా మేనమామది. ఆ వేసవిలో మామ ఎడ్లలో ఒకటి చచ్చిపోయింది. తొలకరిలోగా ఇంకోటి కొనాలి. అప్పు కోసం బ్యాంకుకు వెళితే, ముందు మేనల్లుడి బాకీ తీరాలి, ఎద్దు సంగతి ఆ తర్వాత అన్నారట. మామ తిన్నగా మా ఇంటికొచ్చి నన్ను ఎగాదిగా చూశాడు. "ఏట్రా అల్లుడా, నాగలికి నిన్ను కట్టీమంతావేటి?" అన్నాడు. ఆ చూపులో నా మెడ కొలత తీసుకుంటున్నట్టు స్పష్టంగా తెలిసింది.

అక్కణ్నించి బ్యాంకు దాకా నేను పరిగెత్తిన పరుగుకు దారిలో రెండు కొండలు పక్కకు జరిగాయి. మేనేజరు మైదానం మనిషి. ఊరూరా మొండి బాకీలు వసూలు చేయాలి, మా కొండ ఒడియా ఒక్క ముక్క రాదు. "నాతో దుబాసీగా తిరుగు. వసూలైనదాన్ని బట్టి నీ కూలి నీ బాకీలో జమేస్తాను" అన్నాడు. బాకీలు అడగడానికి ఒక బాకీదారు బయల్దేరడం భూమి పుట్టాక అదే మొదటిసారి అయ్యుండాలి.

మొదటి ఊళ్లో అరుగెక్కి, "తీసుకున్న అప్పు తీర్చనివాడు మనిషే కాదు!" అని మా భాషలో గర్జించాను. ఎదురుగా ఒక ముసలమ్మ నోట్లోంచి అడ్డపొగ చుట్ట తీసి, అదే భాషలో, "నీది తీరిపోనాదేటిరా, గుంటడా?" అంది. ఊరంతా నవ్వింది. కోళ్లు కూడా నవ్వాయి.

"ఏమంటోందయ్యా?" అన్నాడు మేనేజరు.

"వచ్చే సంతలో కట్టేస్తానంటోందండి."

"మరి అందరూ నవ్వుతున్నారేం?"

"కట్టబోయే సంతోషం సార్."

సంతరోజు వచ్చింది. బ్యాంకు వాళ్లు సంతలో వేసిన బల్ల వెనక, నా అబద్ధం బయటపడే క్షణం కోసం చెమటలు కక్కుతూ నిలబడ్డాను. ముసలమ్మ వచ్చింది. పిప్పళ్లు అమ్మిన డబ్బులు కొంగులోంచి విప్పి బల్ల మీద పెట్టి, నా వైపు తిరిగింది. ఈసారి శుభ్రమైన తెలుగులో.

"నాకు తెలుగు రాదనుకున్నావేటి? సావుకార్లతో బేరం ఏ బాసలో ఆడతాననుకున్నావురా? నాను అనని మాట నా నోట ఎట్టీసినావు."

"మరి కట్టేశావేం, అవ్వా?" అన్నాను.

"మీ మావ నాగలి ఒంటెద్దుతో నిలబడిపోనాది కాదేట్రా. నీ మొకం సూసి కాదు."

మేనేజరు ముసలమ్మనీ నన్నూ మార్చి మార్చి చూసి, దగ్గి, రసీదు రాశాడు. ఆపైన మిగతా ఊళ్లన్నిటికీ నన్నే వెంట తిప్పుకున్నాడు. నేను గర్జించడం, వాళ్లు నవ్వడం, నవ్విన పాపానికి ఎంతో కొంత కట్టడం. తొలి వాన పడకముందే నా బాకీ తీరింది, మామకు ఎద్దు వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, నాలాగే చూడ్డానికి ఘనంగా ఉండేది. సాలు మధ్యలో ఆగిపోయి ఆకాశంలోకి చూసేది. మామ దానికి 'కంప్యూటరు' అని పేరు పెట్టాడు. "హేయ్ కంప్యూటరూ, బేగి నడూ!" అన్న కేక కొండకవతల ఒడిశా దాకా వినిపించేది. అది కదిలేది కాదు గానీ, ఇంట్లో పడుకున్న నేను మాత్రం లేచి కూర్చునేవాణ్ని.

మామా లేడు, ఎద్దూ లేదు. ఇప్పుడు ఒక ఆఫీసులో నిజం కంప్యూటరు ముందు కూర్చుంటాను. అది మధ్యలో ఆగిపోతే కుర్రాళ్లు ఏవేవో మీటలు నొక్కుతారు. నేను చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, దాని వీపు మీద మెల్లగా తట్టి, "బేగి నడూ" అంటాను.

ఒక్కోసారి నడుస్తుంది.