జవాబు రాకపోతే

ఎనభైల మొదట్లో, డెట్రాయిట్ బస్ స్టేషన్‌లో ఉన్నాను. ఆ వారంతో నా వీసా అయిపోతుంది. ఉద్యోగం ఇస్తామన్న ఆఫీస్‌కి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తడం లేదు. రిసీవర్ పెట్టేసి, బెంచీ మీద కూలబడి ఏడ్చేశాను.

పక్కనున్న అమెరికన్ ఆవిడ టిష్యూ ఇచ్చింది. ఫోన్ ఎవరూ ఎత్తడం లేదని చెప్పాను. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి రూల్స్ రాసే కమిటీలో తనొక్కతే ఆడమనిషట.

"జవాబు రాకపోతే కంప్యూటర్ కాసేపు ఆగి, అదే మాట మళ్ళీ పంపాలి. అలా ఒక రూల్ రాశాను," అంది.

"అప్పటికీ రాకపోతే?"

"ఇంకాస్త ఎక్కువసేపు ఆగి, మళ్ళీ."

"మీ కమిటీవాళ్ళు ఒప్పుకున్నారా?"

ఆవిడ ఇంకో టిష్యూ తీసి తన కళ్ళు ఒత్తుకుంది. "నేను మాట్లాడుతుంటే అక్కడ ఎవరూ తలెత్తరు. అందుకే మళ్ళీ వెళ్తున్నాను."

బస్సెక్కుతూ వెనక్కి తిరిగి, నాకు ఫోన్ వైపు చెయ్యి చూపించింది.

లేచి డయల్ చేశాను. ఆవిడ బస్సు కనుమరుగయ్యాక కూడా అటువైపు రింగవుతూనే ఉంది.