ఆటలమ్మ వెళ్ళలేదు

ఆ ఆదివారం పెడనలో మావయ్య ఇంట్లో ఉన్నవాళ్ళు: మావయ్య, అత్తయ్య, అమ్మమ్మ, నేను. ఉన్న వస్తువులు: గుమ్మానికి వేపరెమ్మలు, మంచం పక్కన చెంబులో పసుపు నీళ్ళు, కిటికీ కింద సగం చెక్కిన టేకు అచ్చు, దాని మీద సన్న ఉలి. లేనిది తాలింపు వాసన. పదిన్నర దాటినా ఆ వంటింట్లో ఆవాలు చిటపటలాడని రోజు నాకు గుర్తులేదు.

తాలింపు లేదంటే ఆటలమ్మ వచ్చినట్టు. అమ్మవారు ఒంటి మీదున్నన్నాళ్ళూ మా వాళ్ళు తాలింపు వేయరు, చుట్టాలను రానివ్వరు, మాత్ర మింగరు. మందు వేస్తే ఆవిడకి కోపమొస్తుందంటారు. పొక్కులు మాడాక వేపాకు నీళ్ళు పోసి, పెరుగన్నం పెట్టి, ఆవిణ్ణి సాగనంపుతారు. నేను ఇవేవీ తెలియకుండా, బంటుమిల్లి నుంచి బందరు వెళ్తూ మధ్యలో బస్సు దిగాను.

మావయ్య కలంకారీ అద్దకానికి చెక్క అచ్చులు చెక్కుతారు. వెంట్రుకంత గీతల అచ్చు కావాలంటే చుట్టుపక్కల వాళ్ళు ఆయన దగ్గరికే వస్తారు. ఆ రోజు ఆయన నుదుటి కుడి సగం మీద, కుడి కనురెప్ప మీద, పైన జుట్టులోకి నీటి పొక్కులు గుంపులుగా లేచి ఉన్నాయి. ముఖం మధ్యలో నిలువు గీత గీసినట్టు ఎడమ వైపు ఒక్కటీ లేదు. ముక్కు కొసన, కుడి పక్కన, ఒకటి ఉంది. కన్ను ఎర్రబడి నీరు కారుతోంది. ఆ సగం తల మూడు రోజులుగా నొప్పి అని, దువ్వెన తగిలినా మంటేనని అత్తయ్య చెప్పింది. పొక్కులు మాత్రం నిన్న సాయంత్రమే లేచాయట.

అత్తయ్య ముందు సర్పి అనుకుంది. అమ్మమ్మ కొట్టిపారేసింది. సర్పి అంటే పాములా నడుముకి చుట్టుకునేది, ముఖానికి ఎక్కిందంటే అమ్మవారే అంది. ఇద్దరూ సగం సగం చెప్పారని, రెండింటికీ వైరస్ ఒక్కటేనని నేనన్నాను.

"రొయ్యలకి పరీక్షలు చేసేవాడివి, మనుషుల సంగతి నీకెందుకురా?" అంది అమ్మమ్మ.

అది నిజమే. చెరువులో వదలబోయే రొయ్యపిల్లల్లో వైరస్ ఉందో లేదో చూడటం నా ఉద్యోగం. అయినా చదువుకున్నది చెప్పాను. ముక్కు కొసకీ కంట్లోకీ వెళ్ళే నరం ఒకటే. అక్కడ పొక్కు ఉంటే కంట్లోకి కూడా దిగిందని అనుమానించాలి. నల్లగుడ్డు మీద మచ్చ పడితే చూపు తగ్గుతుంది, పోనూవచ్చు. పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు మాత్రలు మొదలుపెట్టాలి.

అత్తయ్య చెప్పులు వేసుకుంది. అమ్మమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. అమ్మవారున్న ఇంట్లో మందు మింగితే కన్ను తీసుకునే పోద్దని, తన ఎరికలో అలా పోయినవాళ్ళున్నారని చెప్పింది. మావయ్య తల్లి మాట కాదనలేక గోడవైపు తిరిగి పడుకున్నారు.

మావయ్యకి ఆటలమ్మ ఎప్పుడు పోసిందని అమ్మమ్మని అడిగాను. ఏడేళ్ళప్పుడట. తనే నీళ్ళు పోసి, తనే సాగనంపిందట.

"ఆవిడ వెళ్ళలేదు అమ్మమ్మా."

"అంటే? నా పంపకంలో లోపమా?"

"ఎవరు పంపినా వెళ్ళదు. నాకూ పోసిందిగా, నాలోనూ ఉంది."

పొక్కులు మానినా వైరస్ చావదు. నరాల వెంట వెనక్కి వెళ్ళి వాటి మొదళ్ళలో చేరుతుంది. ఒంటి నరాలకైతే వెన్ను పక్కన, ముఖం నరానికైతే పుర్రె లోపల, చెవికి కాస్త ముందు. అక్కడ పెరగదు, ఉన్న కణాన్ని చంపదు. దాదాపు ఏ పనీ చేయదు కాబట్టి ఒంటి కాపలాకి దొరకదు. వయసుతో ఆ కాపలా సడలినప్పుడు మళ్ళీ పెరిగి, తానున్న నరం వెంటే చర్మానికి దిగుతుంది. ఆ నరం అవతలి వైపుకి పోదు, అందుకే సగం ముఖం. జ్వరమప్పుడు పెదవి మీద లేచే పొక్కుదీ ఈ కుటుంబమే. మనుషులకి పట్టేవి ఇందులో తొమ్మిది. చేరాక ఏదీ వదలదు.

అమ్మమ్మకి ఇందులో నాలుగో వంతు చెప్పాను. ఆవిడ తలెత్తి వేపరెమ్మల వైపు చూసింది.

"అయితే ఇప్పుడు వచ్చింది కాదన్నమాట. ఇంట్లో మనిషే."

"అవును."

"ఇంట్లో మనిషి తప్పు చేస్తే ఊరుకుంటామా? తీసుకెళ్ళండి." లేచి దారిచ్చింది.

బందరులో కంటి డాక్టరుగారు ముందు అక్షరాలు చదివించారు. కుడి కన్ను 6/36. మామూలు కన్ను ముప్ఫై ఆరు మీటర్ల నుంచి చదివేది ఈ కన్ను ఆరు మీటర్ల నుంచి చదువుతోందని అర్థం. తర్వాత కంట్లో నారింజ రంగు మందు తాకించి, నీలం లైటు వేసి, స్క్రీన్ మీద చూపించారు. నల్లగుడ్డు మీద ఆకుపచ్చగా, సన్నగా, కొమ్మలు చీలిన గీత. మావయ్య ఎడమ కన్నుతో ముందుకి వంగి చూశారు.

"డిజైన్ బాగుందండీ. చెక్కొచ్చు."

"చెక్కుదురుగాని, ముందు మాత్రలు రోజుకి ఐదుసార్లు," అన్నారావిడ.

ఇంట్లో ఆటలమ్మ పోయనివాళ్ళున్నారా అని కూడా అడిగారు. పొక్కుల నీరు తగిలితే వాళ్ళకి వచ్చేది సర్పి కాదు, ఆటలమ్మ. మాలో అందరికీ పోసింది. చుట్టాలను రానివ్వకపోవడం మంచిదేనన్నారు. అది అమ్మమ్మకి చెప్తే, "మరి?" అంది.

పొక్కులు ఎండి రాలాయి. నొప్పి పోలేదు. నరం దెబ్బతింటే నెలల తరబడి అలాగే ఉంటుంది. ఫ్యాను గాలి నుదుటికి తగలకుండా మావయ్య మంచం తిప్పుకున్నారు. అత్తయ్య వేళకి కంట్లో చుక్కలు వేసేది. కొన్నాళ్ళకి ఆయన లావు అంచుల అచ్చులు మొదలుపెట్టారు. వెంట్రుక గీతల పనికి ఎవరైనా వస్తే, కన్ను సంగతి తేలాక చూద్దామని పంపేసేవారు.

పోయిన నెల అది తేల్చుకోవడానికి మళ్ళీ బందరు వెళ్ళాం. నల్లగుడ్డు మీద చిన్న మచ్చ మిగిలిందని, అది ఇక పోదని డాక్టరుగారు చెప్పారు. సన్న పని చేయొచ్చా అని మావయ్య అడిగారు. భూతద్దంతో చేయండి, అలసట అనిపిస్తే ఆపండి అన్నారు. ఎడమ కన్ను 6/6. కుడి కన్ను 6/12.