చరణం దాకా రానివ్వని కీర్తన

నవ్వుతారని తెలుసు. నవ్వుకోండి. కానీ పోయిన మా నాయన మీద ఒట్టు... ఇది నా షాపులో, ఈ రెండు చెవులతో విన్నాను.

మార్కాపురంలో నేను వీడియో మిక్సింగ్ చేస్తాను కదా. పెళ్లిళ్లే కాదు, ఎవరన్నా పోతే పెద్దకర్మ రోజు టీవీలో వేసే శ్రద్ధాంజలి వీడియో కూడా నాదే. అందరూ అడిగేది ఒకటే. "సీరియల్లో మనిషి పోతే వస్తాదే, ఆ సన్నాయి పెట్టన్నా!" అదొక పాత కీర్తన. శుభపంతువరాళి రాగం. సినిమాలోళ్లూ టీవీవోళ్లూ పల్లవి ఒక్కటే వాడుకుంటారు. నేనూ అంతే. నలభై సెకన్లు... కట్. మళ్లీ మొదటి నుంచి.

మా నాయన పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. షాపుకొచ్చినప్పుడల్లా తిట్లే. "అది ఏడుపు పాట కాదురా. మీ సీరియళ్లు దాన్నట్ల చేసినాయి. చరణం దాకా రానీ, మనసు తేలికవుద్ది."

"జనాలకు అంత ఓపిక లేదు నాయనా" అనేవాణ్ణి.

ఆస్పత్రి మంచం మీద కూడా, ఫోన్లో ఆ కీర్తన ఒక్కసారి మొత్తం పెట్టమన్నాడు. రేపు విందాంలే అన్నాను. తెల్లారకముందే పోయినాడు.

నాకు ఏడుపు రాలేదు. పాడె మోసినా రాలేదు. సిగ్గేసింది కూడా. లోపలంతా మొద్దుబారిపోయింది.

పదో రోజు రాత్రి ఆయన వీడియో నేనే చేసినాను. ఫొటోలు పేర్చినాను. సన్నాయి పెట్టినాను. చెయ్యి అలవాటుగా నలభై సెకన్ల దగ్గర కోసేసింది. ఏమీ అనిపించలేదు.

కరెంటు పోయింది.

యూపీఎస్ కాసేపు కుయ్ కుయ్‌మని... అదీ ఆగింది. స్క్రీను ఆరిపోయింది. ఫ్యాను రెక్కలు తిరిగి, తిరిగి... నిలబడినాయి.

అప్పుడు... విన్నాను.

పల్లవి తర్వాతది. నేను కోసిన చోటి నుంచే.

సన్నాయి కాదు... క్లారినెట్.

మధ్యలో ఊపిరి పీల్చే చప్పుడు... సుర్‌మని, ముక్కుతో. మా నాయన అట్లనే పీల్చేవాడు. నిజం చెప్తున్నా, భయం కూడా వేయలేదు. చేతులు మాత్రం నావి కానట్టున్నాయి. అనుపల్లవి అయిపోయింది. కాస్త ఆగింది. చరణం... ఎత్తుకుంది.

గొంతులో ఏదో కదిలింది. పది రోజుల్లో మొదటిసారి. ఏడుస్తాను, ఇప్పుడు ఏడుస్తాను అనుకున్నాను...

చెయ్యి దానంతటదే పోయి కీబోర్డు మీద పాట ఆపే స్పేస్ బటన్ నొక్కింది. అలవాటు.

పాట ఆగిపోయింది.

పక్కన టీ కొట్టు రఫీ అంటాడు, ఎవరి ఫోనో మోగుంటుందిలే అని. అయ్యుండొచ్చు. మరి కరెంటు లేని కంప్యూటర్లో బటన్ నొక్కితే అదెట్ల ఆగింది? నాకు తెలియదు.

ఆ తర్వాత కీర్తన మొత్తం ఫోన్లో చాలాసార్లు పెట్టుకున్నాను. అనుపల్లవి అవుతుంది... చెయ్యి ఆపేస్తుంది. ఆ చరణం ఇంతవరకు పూర్తిగా వినలేదు. ఏడుపూ రాలేదు.