సీసా మీద నోరు

పరశురాం మూడేళ్లుగా బయట మిర్చీబజ్జీ తినలేదు. తిండి మీద విరక్తి కాదు. ఏ బండి దగ్గర నిలబడ్డా, పోయిన దోస్తు సుశాంత్ నోరు తెరుచుకుని ఎదురవుతాడు. తాండూరు బస్టాండులో, కొడంగల్ అంగట్లో, వికారాబాద్ టిఫిన్ సెంటర్లలో, ఎర్ర సాసు సీసా మీద అదే ముఖం: కళ్లు మూసి, కొండనాలుక కనబడేలా అరుస్తూ. కారానికే అట్లా అరుస్తున్నాడనుకుని జనం ఇంకో చుక్క వేసుకుంటారు.

నిజానికి ఆ ఫోటో ‘పిడుగు’ బృందం మొదటి, కడపటి కచేరీలోది. సుశాంత్ గాయకుడు, ఆ సంగతి ఒప్పుకోనివాళ్లే ఊళ్లో ఎక్కువ. పరశురాం డ్రమ్ములు. హెవీ మెటల్ అనే విద్యను ఇద్దరూ బండల పాలిష్ షెడ్డు వెనక గదిలో, మిషన్ నడిచే వేళల్లోనే సాధన చేశారు. మిషన్ ఆగితే ఇరుగుపొరుగు వినే ప్రమాదముండేది. కచేరీ కూడా ఆ గదిలోనే, మిషన్ హోరులోనే. పదకొండు మంది వచ్చారు. అందులో ఆరుగురు సుశాంత్ తల్లి నాగవ్వ పంపిన ఎర్రకారం కోసం వచ్చి, బజ్జీలు అద్దుకుని తిని, పాట ఎత్తుకోగానే మర్యాదగా లేచిపోయారు.

నెల తిరక్కముందే సుశాంత్ బైకు లారీ కింద పడింది. ఆ వాడలో కొడుకు పీనుగ దగ్గర తల్లే మొదట రాగం తీసి శోకం ఎత్తుకోవాలి. మిగతా ఆడవాళ్లు తర్వాతే అందుకుంటారు. నాగవ్వ నోరు తెరవలేదు. ఆడవాళ్లు పొద్దు వాలేదాకా చూసి, శోకం లేకుండానే సాగనంపారు. తాండూరులో అంత గొంతున్నవాడు చప్పుడు లేకుండా పోయాడు.

పరశురాం ఆమె కారాన్ని సీసాల్లో పోయించి, బృందం పేరే పెట్టి, కచేరీ ఫోటో అంటించాడు. పాటకు దక్కని ఆదరణ సాసుకు దక్కింది. పాటల గదే కారం గది అయింది.

ఆ గదికే మొన్న వికారాబాద్ నుంచి, సీసాలు టోకున కొనే అరుణ్‌కుమార్ సేటు వచ్చాడు.

“గీ ఫోటో జూసి చిన్నపిల్లలు జడుసుకుంటున్నరమ్మా. తీసేసి గీ నవ్వే మిరపకాయ బొమ్మ పెడదాం. హైదరాబాద్ దాకా పోతది మాలు.”

ఆ ముఖం ఇక ఎదురవదని పరశురాంకు లోపల హాయిగా అనిపించింది. అనిపించినందుకు సిగ్గూ వేసింది.

“తీసేద్దురు గని,” అంది నాగవ్వ, కారం కలుపుతూనే. “గా ఫోటోల నా కొడుకు ఏమని ఒర్రుతుండు?”

“కారానికమ్మా,” అన్నాడు సేటు.

“నిన్నడగలే. పరశురామా, నువ్వు ఎన్కనే కూసున్నవు గద?”

“నా డ్రమ్ముల చప్పుడుల నాకెన్నడు సమజ్ కాలేదవ్వా.”

మూడేళ్లుగా ముట్టని ఆ కచేరీ రికార్డు ఫోనులో తీసి ఆమె చెవి దగ్గర పెట్టాడు. పాలిష్ మిషన్ హోరు, డ్రమ్ములు, వాటి అడుగున సుశాంత్. మొదటిసారి నాగవ్వ తల అడ్డంగా ఊపింది. రెండోసారి పెట్టేసరికి కారం కలిపే ఆమె చెయ్యి ఆగింది.

“గిది నా శోకం,” అంది. “వాళ్ల నాయన మీద గనిల బండ వడ్డనాడు నేనేడ్సింది. ఆరేండ్లోడు, నా కొంగు వట్టుకోని ఇన్నడు.”

*బండల నడుమ నన్నిడిసి ఎటు వోతివయ్యా...*

తల్లి శోకంలో ఒక్క మాట కూడా మార్చలేదు వాడు.

రికార్డు అయిపోయింది. ఆగినచోటు నుంచి నాగవ్వ అందుకుంది, కళ్లు మూసి, సీసా మీది నోటిలాగే నోరు తెరిచి. కారం డబ్బా మూత మీద పరశురాం వేళ్లు తమంతట తామే దరువు పట్టాయి. సేటు మిరపకాయ బొమ్మను సంచిలో పెట్టుకుని, చెప్పులు విడిచి నిలబడ్డాడు. వాడలో ఆడవాళ్లు చేతులు తుడుచుకుంటూ ఒక్కొక్కరే గుమ్మం దగ్గరికి వచ్చారు.

షెడ్డులో ఎవరో పాలిష్ మిషన్ ఆపేశారు.