రాళ్లు మాట్లాడే కథ

మొన్న ఫోన్లో పాఠకుల బృందం ఒకటి చూస్తుంటే, ఒక సైన్స్ ఫిక్షన్ కథకు వచ్చిన బహుమతి మీద పెద్ద రగడ కనిపించింది. రాసిన అమ్మాయి తన చిత్తుప్రతులన్నీ ఫోటోలు తీసి పెట్టినా, కథ యంత్రం రాసిందేనని అందరూ కొట్టిపారేస్తున్నారు. ఆ అమ్మాయికి చూపించుకోవడానికి కాగితాలైనా ఉన్నాయి. మా అక్కకు అవీ లేవు. ఉన్న ఒక్క రుజువూ నా పెట్టెలో ఉండిపోయింది.

అక్క అంటే తోడబుట్టినది కాదు. హైటెక్ సిటీ అప్పుడప్పుడే లేస్తున్న రోజుల్లో, మాదాపూర్‌లోని మా ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరు. సొంత ఊరు గోపన్‌పల్లి. నేను కోస్తా నుంచి డిగ్రీ కాగితం పట్టుకుని వచ్చి, బోరబండలో పిన్ని ఇంట్లో ఉంటూ, అక్కడే డేటా ఎంట్రీ చేసేదాన్ని. ఎవరైనా పలకరిస్తేనే చెమటలు పట్టే మనిషిని కనుక, పైకి చెప్పలేనివన్నీ డైరీలో రాసుకునేదాన్ని. మధ్యాహ్నం ఆఫీసు వెనక పెద్ద రాతిగుండు మీద కూర్చుని ఇద్దరం టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్లం. చుట్టుపక్కల కొత్త భవనాల కోసం కొండరాళ్లు పేలుస్తుండేవారు. ముందు హెచ్చరిక ఈల వినబడేది, తర్వాత కింద నేల అదిరేది. ఒకరోజు ఆ అదురు ఆగాక అక్క గుండును అరచేత్తో నిమురుతూ అంది:

"ఎన్నేండ్ల సంది మనుషుల ముచ్చట్లు ఇంటున్నయో గీ రాళ్లు! పగిలేటప్పుడు అవన్ని ఒక్కపారి బయటికొస్తే ఎట్లుంటది?"

ఆ మాటే కథ అయింది. రాళ్లలో దాగిన గొంతులు వినిపించే పరికరంతో పనిచేసే ఒక మనిషి, రేపు పేల్చవలసిన బండలో చనిపోయిన తల్లి గొంతు వింటాడు. వాడిన ఫోను సందేశాల చీటీల వెనక అక్క దాన్ని ముక్కలు ముక్కలుగా రాసింది. ఏ రోజు ఏ ఘట్టం చెప్పిందో నేను ఆ సాయంత్రమే డైరీలో ఎక్కించుకునేదాన్ని.

అప్పుడే ఒక వారపత్రిక సైన్స్ ఫిక్షన్ కథల పోటీ ప్రకటించింది. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది: కాగితానికి ఒక వైపే రాయాలి, ఇది నా సొంత కథ, అనువాదమూ అనుకరణా కాదని హామీపత్రం జత చేయాలి. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని సాఫు ప్రతి నన్నే రాయమంది అక్క. రాస్తూ రాస్తూ, ఆమె ఊరి మాటలన్నీ తీసేసి, నేను చదివిన పుస్తకాల భాష పెట్టాను. కథకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను. సాఫు అయ్యాక చిత్తు ఎందుకులే అని ఆ చీటీలు నా చేత్తోనే చించి పారేశాను. అక్క హామీపత్రం మీద సంతకం పెట్టింది.

మొదటి బహుమతి వచ్చింది. ఆఫీసంతా లడ్డూలు పంచింది అక్క. మూడు వారాలకు పాఠకుల ఉత్తరాలు మొదలయ్యాయి: ఇది ఏదో ఇంగ్లీషు కథకు దొంగ అనువాదమని. ఏ కథకో ఎవరూ చెప్పలేదు. పత్రిక వాళ్లు అక్కకు ఫోన్ చేశారు. ఆమె మాటకూ కథలోని భాషకూ పొంతన లేదనిపించిందట, చిత్తుప్రతి పంపమన్నారు.

మరునాడు గుండు మీద అక్క అన్నం కలపకుండా నా వైపు చూసింది.

"చెల్లె, నువ్వు డైరీల రోజు రాస్తవు గద. తారీకులతోటి ఉంటది. జర వాళ్లకు సూపెడదామా?"

డైరీలో తారీకులున్నాయి. వాటి మధ్య మరో వాక్యమూ ఉంది: 'ఈవిడ మోటు తెలుగును నేను మనుషుల భాషలోకి తేకపోతే ఈ కథ ఎవరు చదువుతారు?' అక్క అది చదువుతుందన్న తలంపే భరించలేకపోయాను.

"ఆ డైరీ ఊళ్లో ఉండిపోయిందక్కా," అన్నాను.

"పోనీ తియ్. నువ్వేం ఫికర్ జెయ్యకు," అని నా డబ్బాలో పప్పు వేసింది.

బహుమతి వెనక్కి తీసుకుంటున్నట్టు పత్రికలో చిన్న ప్రకటన పడింది. ఆఫీసులో, "ఏం మేడమ్, ఈ వారం ఏ ఇంగ్లీష్ బుక్ దించుతున్నారు?" అని నవ్వేవాళ్లు. "నీ ప్రేమలేఖలు దించుతున్న నాయనా, తప్పులు ఎక్కువున్నయ్," అని అక్కా నవ్వేది. కానీ ఆ తర్వాత ఆమె చీటీల వెనక ఏమీ రాయడం నేను చూడలేదు. ఒక్కసారి మాత్రం, బస్సు కోసం నిలబడి ఉండగా, నిష్ఠూరం లేకుండా అంది: "గా కథల నా మాట ఒక్కటన్న ఉంచితే బాగుండు, చెల్లె." ఆ ఏడాది చివర్లో నేను వేరే ఉద్యోగానికి మారాను. మళ్లీ కలవలేదు.

ఇప్పుడు ఊరి మాటతో రాసిన కథలకు బహుమతులు వస్తున్నాయి. చదివినప్పుడల్లా సంతోషమూ, వెంటనే సిగ్గూ కలుగుతాయి. గోపన్‌పల్లి నిండా అపార్టుమెంట్లు. మేము కూర్చున్న గుండు ఉన్నచోట అద్దాల భవనం నిలబడింది. ఆ గుండును ఏ రోజు పేల్చారో నాకు తెలియదు. అక్క కథే నిజమైతే, ఆ వేళ అందులోంచి మా నవ్వులన్నిటితో పాటు నా అబద్ధమూ బయటికి వచ్చి ఉంటుంది. వినవలసిన ఒక్క మనిషి, అక్క, అక్కడ ఉండి ఉండదు.